గజనీ మాకేమవుతాడు?

మాలో ఎవర్ని కదిలించినా ఈ జ్ఞాపకం బయటికొస్తుంది. ఏడో తరగతో, ఎనిమిదో తరగతో. సోషల్ పీరియడ్. సారు పుస్తకం తెరిచి 'గజనీ మహమ్మద్ దండయాత్రలు' అనగానే క్లాసులో తలలన్నీ మా బెంచీ వైపు తిరుగుతాయి. 'పదిహేడు సార్లు' అన్న చోట వెనక నుంచి ఎవడో ఒకడు పెన్నుతో వీపు మీద పొడుస్తాడు. మేం తల దించుకుంటాం. సోమనాథ్ ఏ దిక్కునుందో మాకు తెలీదు. మా అబ్బా దూదేకేవాడు, లేకపోతే సైకిళ్ళకి పంచర్లు వేసేవాడు, లేకపోతే సంతలో గాజులమ్మేవాడు. దండయాత్ర మాట అటుంచి పక్క జిల్లాకి కూడా పెళ్ళిళ్ళకి తప్ప పోయిన మనిషి కాదు. అయినా ఆ పీరియడ్ అయ్యేదాకా ఆ బంగారమంతా మా ఇంట్లోనే ఎక్కడో దాచినట్టు ఉండేది మా పరిస్థితి.

అసలా పేరే తప్పు. అతను మహమ్మద్ కాదు, మహమూద్. తెలుగు పాఠ్యపుస్తకాలు, తెలుగు నాలుకలు అతణ్ణి మహమ్మద్ చేశాయి. కావాలని చేశారని మేమనం. కానీ దాంతో ఏం జరిగిందో చూడండి. ప్రవక్త పేరు, మా ఇళ్ళల్లో ప్రతి రెండో పిల్లాడి పేరు, ఒక సుల్తాను దోపిడీకి తగులుకుంది. హాజరు పట్టీలో 'మహమ్మద్' అని పిలిస్తే పలికే పిల్లాడు చరిత్ర పాఠంలోనూ పలకాల్సొచ్చింది.

పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పేవాణ్ణి 'గజనీ' అని ఏడిపించడం తెలుగునాట మామూలే. 'ఇంగ్లీషు పేపరు మీద ఇది ఎన్నో దండయాత్రరా?' అంటారు. ఆ హాస్యం మాకిష్టమే. అందులో గజనీ పాపం సప్లిమెంటరీ రాసే కుర్రాడు. అతనికి మతం లేదు. పుస్తకాలకన్నా జనం నోరే నయం.

అదే సంవత్సరం, అదే క్లాసులో, తెలుగు పీరియడ్లో ఇంకో పాఠం వచ్చేది. జాషువా 'ఫిరదౌసి'. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని సుల్తాను మాటిచ్చి, ఏళ్ళ తరబడి రాయించుకుని, చివరికి వెండి నాణేలు పంపిన కథ. తెలుగు మాస్టారు రాగం తీసి చదివేవారు. ఆయన గొంతు జీరబోయేది. మాకూ కళ్ళు చెమర్చేవి. విచిత్రమేమంటే, అప్పుడు క్లాసులో ఒక్క తలా మా బెంచీ వైపు తిరిగేది కాదు.

ఎందుకు తిరగలేదు? ఫిరదౌసి ముస్లిమే కదా? ఆ ప్రశ్న మాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. ఒకే కథలో ఇద్దరు ముస్లింలున్నారు. మోసం చేసినవాడు ముస్లిం. మోసపోయినవాడు 'మహాకవి'. దోచుకున్నప్పుడు మతం గుర్తుకొస్తుంది. కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు మతం మాయమై మానవత్వం మిగులుతుంది. సుల్తానుకు మేం వారసులం. కవికి మాత్రం లోకమంతా వారసులు, మేం తప్ప. 'ఫిరదౌసి' మీద వచ్చిన మెచ్చుకోళ్ళన్నిటి కింద మాకు కనబడేది ఈ పంపకమే. ఈ పంపకం న్యాయమా అని అడగాలంటే ఆ కొలువులోకి ఒకసారి వెళ్ళిరావాలి.

మహమూద్ పాలన 998 నుంచి 1030 దాకా. తండ్రి సబుక్తగీన్ తుర్కీ బానిస సైనికుడు, అలా మొదలై గజనీకి ఏలిక అయినవాడు. అన్నదమ్ముల పోరులో ఇస్మాయిల్‌ని ఓడించి మహమూద్ గద్దెనెక్కాడు. బానిస కొడుకు రాజైతే ముందు కావలసింది పరువు. దానికి బాగ్దాద్ ఖలీఫా బిరుదులిచ్చాడు. మిగతాది కవులు సమకూర్చారు. ఆ కొలువులో నాలుగొందల మంది కవులుండేవారని తర్వాతి వాళ్ళు చెప్పుకున్నారు. అంతమంది లేకపోయినా ఉన్నవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. బల్ఖ్ నుంచి వచ్చిన ఉన్సురీ ఆస్థాన కవులకు పెద్ద. మర్వ్ నుంచి అస్జదీ. సీస్తాన్ నుంచి ఫర్రుఖీ.

ఫర్రుఖీ కథ మమ్మల్ని కాసేపు ఆపుతుంది. అతనూ బానిస కొడుకే. సీస్తాన్‌లో ఒక భూస్వామి దగ్గర ఏడాదికి రెండొందల కొలతల ధాన్యం, నూరు దిర్హాములు జీతంగా పనిచేసేవాడట. పెళ్ళయింది, ఖర్చు పెరిగింది. జీతం కాస్త పెంచమని అడిగితే భూస్వామి కుదరదన్నాడు. మన ఊళ్ళల్లో పాలేరు అడిగితే వచ్చే జవాబే. అప్పుడతను ఖసీదా రాసుకుని చఘానియాన్ అమీరు దగ్గరికి బయల్దేరాడు. అక్కడ గుర్రపు పిల్లలకు ముద్రలు వేసే చోటు మీద పద్యం చదివి నలభై రెండు గుర్రపు పిల్లల్ని గెలుచుకున్నాడు. తర్వాత గజనీ చేరాడు. వెండి మొలతాళ్ళు కట్టుకున్న ఇరవైమంది బానిసలు వెంట నడిచేంత వాడయ్యాడు. ఇదంతా సమర్కండ్ నిజామీ అరూజీ తన 'చహార్ మఖాలా'లో చెప్పిందే. ఆ పుస్తకం మహమూద్ పోయిన నూరేళ్ళ తర్వాతది. కాబట్టి కథకు కథ విలువే ఇద్దాం. అయినా కడుపు కోసం కవి రాజు దగ్గరికి ఎలా నడిచాడో తెలియడానికి కథ చాలు. ఇరవైమంది బానిసలు వెంట నడుస్తుంటే ఆ బానిస కొడుక్కి తండ్రి గుర్తొచ్చాడో లేదో మాత్రం నిజామీ రాయలేదు.

ఈ ఫర్రుఖీయే సోమనాథ్ దాడి మీద పెద్ద ఖసీదా రాశాడు. 1025-26 నాటి ఆ దండులో తానూ ఉన్నానని చెప్పుకున్నాడు. అందులో ఒక చిత్రమైన కల్పన ఉంది. ఇస్లాంకు ముందు అరబ్బులు కొలిచిన మనాత్ దేవత విగ్రహాన్ని ఎవరో దాచి, సముద్రం దాటించి, గుజరాత్ తీరానికి చేర్చారట. 'సోమనాథ్' అన్న పేరులోనే ఆ మనాత్ ఉందట. శివుడికీ మనాత్‌కీ ఏ సంబంధమూ లేదు. కానీ ఈ మాటతో సొమ్ము కోసం ఎడారి దాటిన దాడి, ప్రవక్త కాలంలో మిగిలిపోయిన పనిని పూర్తి చేసిన యాత్ర అయి కూర్చుంది. దోపిడీదారుని ఘాజీ చేసింది కత్తి ఒక్కటే కాదు, ఖసీదా కూడా. ఆ ఖసీదాకు కూలి ముట్టింది.

మా బాధ ఇక్కడే మొదలవుతుంది. కూలికి రాసిన పొగడ్త ఎనిమిదొందల ఏళ్ళ తర్వాత సాక్ష్యమైంది. పంతొమ్మిదో శతాబ్దంలో హెన్రీ ఎలియట్ అనే కంపెనీ ఉద్యోగి పర్షియన్ గ్రంథాలు గాలించి దండయాత్రలు పదిహేడని లెక్కగట్టాడు. మా వీపు మీద గుచ్చిన ఆ పదిహేడు అక్కడిదే. ఆస్థాన కవులు, చరిత్రకారులు యజమానిని మురిపించడానికి ఎంత పెంచి చెప్పారో అంతా నిజమేనని తీసుకోవడం ఇంగ్లీషువాడికి లాభించింది. తన ఏలుబడి ఎంత చల్లనిదో చెప్పుకోవడానికి ముందటివాళ్ళు ఎంత క్రూరులో చూపించాలి కదా. 1842లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో ఇంకో మెట్టెక్కాడు. గజనీలోని మహమూద్ సమాధి నుంచి తలుపులు ఊడబెరికించి తెప్పించి, సోమనాథ్ గుడి తలుపులు తిరిగి తెచ్చానని హిందువులకు చాటింపు వేశాడు. తీరా చూస్తే అవి గుజరాత్ పనితనం కావు. కొయ్య దేవదారు. ఆ తలుపులు ఆగ్రా కోటలో పడి ఉండిపోయాయి. తలుపులు అబద్ధమని తేలింది గానీ చాటింపు మాత్రం ఆగలేదు. 1990 సెప్టెంబరులో రథం బయల్దేరింది ఆ సోమనాథ్ నుంచే. 1992 డిసెంబరు 6న అది ఎక్కడ ఆగిందో మీకు తెలుసు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది ఆ రెంటికీ మధ్య, 1991లో. మా తరం చాలామంది కలం పట్టింది ఆ మూడేళ్ళలోనే.

మా సెక్యులర్ మిత్రుల వాదనలు కూడా మాకు తెలుసు. గజనీ మతం కోసం కాదు, డబ్బు కోసం దోచాడంటారు. అతని సైన్యంలో హిందువులున్నారని, కొడుకు మసూద్ దగ్గర తిలక్ అనే మంగలి కొడుకు సేనాని అయ్యాడని చెబుతారు. లాహోర్లో అచ్చువేసిన నాణెం మీద కలిమాను సంస్కృతంలోకి మార్చి చెక్కించాడని చూపిస్తారు. అన్నీ నిజాలే. ఆ నాణెం మీద ప్రవక్తను 'అవతారం' అన్నారు. ఇవాళ ఎవరైనా ఆ మాట అంటే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి కొడతారు. అంతకన్నా ముఖ్యమైన విషయాలూ ఉన్నాయి. ముల్తాన్‌లో అతను నరికింది ఇస్మాయిలీ ముస్లింలను. 1029లో రయ్ నగరం పట్టుకుని షియా బువైహీల పాలన కూల్చి, అక్కడి తత్వవేత్తల, ముతజిలీల పుస్తకాలు కాల్పించాడు. 1006లో శత్రువులు బల్ఖ్ మీద పడితే ఊరి జనం ఎదురు నిలిచి పోరాడారు. ఆ గొడవలో సుల్తాను కట్టించిన బజారు కాలిపోయింది. అతను వచ్చి జనాన్ని మెచ్చుకోలేదు, చీవాట్లు పెట్టాడు. రయ్యతుకు యుద్ధంతో పనేంటి, పన్ను కట్టుకోవాలి గానీ అని దాని భావం. అతని చరిత్ర రాసిన బైహఖీ చెప్పిన సంగతి ఇది. బల్ఖ్ జనం ముస్లింలే.

అయితే ఇవన్నీ మేం చెప్పేది మహమూద్ తరఫున వకాలతు పుచ్చుకోవడానికి కాదు. అతను గుడి కొట్టాడు. విగ్రహం పగలగొట్టాడు. మనుషుల్ని వేలాదిగా బానిసలుగా తోలుకుపోయాడు. అతని దాడులు ఈ దేశాన్ని ఎలా చెల్లాచెదురు చేశాయో, ఇక్కడివాళ్ళకు తురుష్కులంటే ద్వేషం ఎందుకు పాతుకుపోయిందో అతని కొలువులోనే ఉన్న అల్‌బిరూనీ తన హిందూస్తాన్ గ్రంథంలో దాచకుండా రాశాడు. ఖ్వారజం గెలిచాక బలవంతంగా తెచ్చిన పండితుడతను. సంస్కృతం నేర్చుకున్నాడు. సుల్తాను ఉప్పు తింటూ సుల్తాను తప్పు రాశాడు. ఒక ముస్లిం పండితుడు 1030 నాటికే ఒప్పుకున్న దాన్ని ఇవాళ మేమెందుకు కప్పిపుచ్చాలి? అలాగే, ఒప్పుకోమని మమ్మల్నే ఎందుకు నిలదీయాలి? అతను కొట్టిన సోమనాథ్‌లోనే 1264లో హోర్ముజ్ నుంచి వచ్చిన నూరుద్దీన్ ఫిరోజ్ అనే ఓడల వ్యాపారి మసీదు కట్టుకున్నాడు. దానికి స్థలం ఇప్పించడంలో అక్కడి శైవ పూజారి కూడా ఉన్నాడు. ఆ ఒప్పందం సంస్కృతంలో శాసనమై నిలిచింది. గాయపడిన ఊరు నూరుద్దీన్‌ని గజనీకి ఏమవుతావని అడగలేదు. వెయ్యి మైళ్ళ దూరాన, వెయ్యేళ్ళ తర్వాత, మా క్లాసు అడిగింది.

ఇక మా ఇంటి సంగతి. మాలోనూ గజనీని తలుచుకుని మీసం దువ్వేవాళ్ళున్నారు. బుత్‌షికన్ అని ఎవరో రాసిన మాటను బిరుదులా మోసేవాళ్ళున్నారు. ఇక్బాల్ 'షిక్వా'లో సుల్తానూ, అతని బానిస అయాజూ నమాజు సఫ్‌లో పక్కపక్కన నిలబడతారు. ఎంత గొప్ప చిత్రమది! కానీ సలాం తిప్పి లేచాక ఎవడు గద్దె మీద కూర్చుంటాడు, ఎవడు చెప్పులు పట్టుకుంటాడు అన్నది మా దూదేకులవాళ్ళు, లద్దాఫులు అడగవలసిన ప్రశ్న. సఫ్‌లో సమానం, దస్తర్‌ఖాన్ దగ్గర, పెళ్ళి సంబంధం దగ్గర సయ్యద్ సయ్యదే, నూర్‌బాష్ నూర్‌బాషే. సుల్తానుల వంశవృక్షం మాకు తగిలించాలని బయటివాళ్ళు చూస్తారు. దాన్ని తొడుక్కుని తిరగాలని మా పెద్దింటివాళ్ళు చూస్తారు. ఇద్దరి లెక్కలోనూ మా తాతలు లేరు.

ఇంకో రకం సాయం కూడా వద్దు. గజనీ చెడ్డ ముస్లిం, గోల్కొండ మల్కిభరాముడు మంచి ముస్లిం అనే సాయం. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికి అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన మొదటి అచ్చతెనుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు ఇచ్చాడు. గర్వపడదగ్గ సంగతులే, కాదనం. కానీ ఒక సుల్తాను నేరానికి ఇంకో సుల్తాను జామీను నిలిస్తేనే మేం బోనులోంచి దిగాలా? గజపతుల పన్నులకో, రాయల యుద్ధాలకో మా పక్కింటి సుబ్బారావుని జామీను అడిగినవాళ్ళు లేరు.

మళ్ళీ ఫిరదౌసి దగ్గరికొద్దాం. తూసు దగ్గర పల్లెలో 940 ప్రాంతాల పుట్టిన చిన్న భూస్వామి. సామానీల కాలంలో, 977 ప్రాంతాల 'షానామా' మొదలుపెట్టి 1010లో ముగించాడు. అంటే మహమూద్ రాజయ్యేనాటికి అతను ఇరవై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. సుల్తాను ముందే బేరమాడి రాయించుకున్నాడన్న కథకు ఈ లెక్క కుదరదు. అరవై అయిదేళ్ళ వయసులో ముప్ఫై ఏడేళ్ళ కొడుకు చనిపోయాడు. ముసలితనం, పేదరికం కావ్యంలోనే చెప్పుకున్నాడు. ఆ కావ్యంలోనే మహమూద్‌ని పొగిడాడు కూడా. ఫర్రుఖీ లాగే అతనికీ పోషకుడు కావాలి. కావ్యం ముగిసిన ఏడాదిలోనే ఖొరాసాన్‌లో ఘోరమైన కరువొచ్చింది. పర్షియన్‌ను దర్బారు భాష చేసిన వజీరు ఇస్ఫరాయినీని ఫిరదౌసి మెచ్చుకున్నాడు. ఆ వజీరు పన్నులు పిండలేక పదవి పోయి, చిత్రహింసల్లో చచ్చాడు. తర్వాతి వజీరు దర్బారు రాతకోతల్ని మళ్ళీ అరబీకి మార్చాడు. కవి కష్టం వెనక ఒక్క రాజు పిసినారితనమే కాదు, ఇంత రాజకీయముంది.

కొలువులో కవిని పడగొట్టిన మాట ఏమిటో మా తెలుగు క్లాసులో ఎప్పుడూ వినబడలేదు. 'రాఫిజీ'. అంటే షియా, దారి తప్పినవాడు. ఇతను రాఫిజీ, ముతజిలీ అని శత్రువులు చెవిలో ఊదారని నిజామీ రాశాడు. కవి చనిపోయాక తూసు ఖతీబు అదే మాటతో అడ్డం పడ్డాడు. ముస్లింల కబరస్తాన్‌లో పాతనివ్వలేదు. జనాజా వెనక్కి తిరిగి సొంత తోటలోకి వెళ్ళింది. నిజామీ 1116-17లో ఆ తోటలోని సమాధిని చూసొచ్చాడు. క్లాసులో తలలన్నీ ఒక బెంచీ వైపు తిరగడమంటే ఏమిటో ఈ ఫిరదౌసికి తెలుసు. జాషువాకూ తెలుసు. గుర్రం జాషువా 1932లో 'ఫిరదౌసి' రాసింది పర్షియా మీద మోజుతో కాదు. పద్యం బావుందంటూనే పద్యం రాసినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టిన సభలు ఆయన చూశాడు. వెండి నాణేలు ఆయనకూ ముట్టాయి. కులం వల్ల అవమానపడ్డ క్రైస్తవ కవి, మతశాఖ వల్ల అవమానపడ్డ ముస్లిం కవిలో తనను చూసుకున్నాడు. జాషువా దారిలో నడిస్తే ఫిరదౌసి దగ్గరికి మేమూ చేరగలం. పాఠం చెప్పినవాళ్ళు రాజు మాట తప్పాడన్న నీతి ఒక్కటి పుచ్చుకుని ఆ దారి మూసేశారు.

అంతమాత్రాన ఫిరదౌసిని తెచ్చి మా తాతని చేసుకుంటామా? అదీ కుదరదు. అతని కావ్యం రాజులది, పహిల్వాన్లది. అరబ్బుల మీద చులకన అందులో ఉంది. 1934లో రెజా షా అతనికి తూసులో పాలరాతి సమాధి కట్టించి సహస్రాబ్ది ఉత్సవాలు చేయించింది ఇరాన్ జాతి గర్వం కోసం. రాజు చేతిలో చచ్చిన కవి మళ్ళీ రాజు చేతికే చిక్కాడు.

ఈ కథలో మాకు దగ్గరవాళ్ళు వేరే ఉన్నారు. నిజామీ చెప్పిన ప్రకారం సుల్తాను పంపిన ఇరవై వేల దిర్హాములు తీసుకుని ఫిరదౌసి హమాముకు వెళ్ళాడు. స్నానం చేసి, బయట బార్లీ షర్బత్ తాగాడు. ఆ డబ్బంతా స్నానం చేయించినవాడికీ షర్బత్ పోసినవాడికీ పంచేసి వెళ్ళిపోయాడు. అందరూ కవి అభిమానాన్ని చూశారు. ఆ ఇద్దరి వైపు ఎవరూ చూడలేదు. సోమనాథ్ నుంచో, ఖొరాసాన్ రైతు గాదె నుంచో వచ్చిన ఆ వెండి, వీపు తోమేవాడి తడి చేతిలో పడింది. వాడేం చేశాడు? అప్పు తీర్చాడా? కూతురి పెళ్ళి చేశాడా? అంత డబ్బెక్కడిదని కొత్వాలు వాణ్ణి పట్టుకున్నాడా? షానామా ఎవరి గురించో వాడికి తెలుసా?

ఇంకొకామె ఉంది. ఆలస్యంగా బుద్ధి తెచ్చుకున్న సుల్తాను అరవై వేల దీనార్ల విలువైన నీలిమందు ఒంటెల మీద పంపాడు. ఒంటెలు ఒక దర్వాజాలోంచి ఊళ్ళోకి వస్తుంటే ఇంకో దర్వాజాలోంచి జనాజా బయటికి పోతోంది. కూతురికి ఇవ్వబోతే ఆమె అక్కర్లేదంది. కొడుకు లేడు, తండ్రి పోయాడు, ఖతీబు కబరస్తాన్‌లో చోటివ్వలేదు. సుల్తాను ఒంటెలు వాకిట్లో నిలబడి ఉన్నాయి. చివరికి ఆ సొమ్ముతో మర్వ్, నిషాపూర్ దారిలో బాటసారుల కోసం ఒక సరాయి బాగుచేయించారట. సరాయి ఉన్న ఊరి పేరు నిజామీ రాశాడు, చాహా అని. ఒంటెలు వచ్చిన దర్వాజా పేరు, జనాజా వెళ్ళిన దర్వాజా పేరు కూడా రాశాడు. ఆ అమ్మాయి పేరు రాయలేదు.